మొండయ్య కాక ఏడుపు

మొండయ్య కాకను నేను మొదటిసారి చూసిన రోజు ఆయన చచ్చిపోయి ఉన్నాడు.

కోరుట్లలో మా వాడకు రెండు సందుల అవతల, ఒక పెంకుటింటి వాకిట్లో పడుకోబెట్టారు. ముక్కులో దూది, నుదుటి మీద రూపాయి బిళ్ల, మెడలో బంతిపూల దండ. నేను ఆయన బిడ్డను. "మీద వడి ఏడ్వాలె అక్కా, గుండెలు కొట్టుకోని మంచిగ" అని చెప్పి రాజ్‌కుమార్ కెమెరా వెనక్కి పోయాడు. నాకేం తెలుసు యాక్టింగు? పెళ్లయిన నాటి నుంచి బీడీలు చుట్టినదాన్ని. దబ్బున పోయి ఆయన మీద పడ్డాను. శవం పెదవి కదపకుండా మాట్లాడింది.

"బొక్కలు ఇరుగుతయి బిడ్డా, మెల్లగ. జర ఎడమకు తిరుగు, నీ మొఖం కెమెరాకు కనవడ్తలేదు."

నాకు నవ్వు ఆగలేదు. మొహం ఆయన ఛాతీలో దాచుకుని పొర్లి పొర్లి నవ్వాను. అది ఏడుపనుకుని రాజ్‌కుమార్ "సూపర్ అక్కా" అన్నాడు. ఆ వీడియోలో నా భుజాలు ఎగిరెగిరి పడుతుంటే చూసినవాళ్లు కళ్లు తుడుచుకున్నారట. అది నవ్వని నాకూ, ఆ శవానికీ తప్ప ఎవరికీ తెలియదు.

నా పేరు భాగ్య. రాజ్‌కుమార్ ముందు పెళ్లిళ్లకు వీడియోలు తీసేవాడు. తర్వాత ఊరి కథలతో యూట్యూబు చానల్ పెట్టాడు. గయ్యాళి అత్త వేషానికి మనిషి కావాలని వాడంతా వెతికి నా ఇంటి ముందు ఆగాడు. "నీకు యాక్టింగు ఏం అవసరం లేదక్కా, ఇంట్ల ఎట్లుంటవో గట్లనే ఉండు" అన్నాడు. పొగిడాడనుకుని సంబరపడి ఒప్పుకున్నాను. ఏమన్నాడో ఇంట్లోకి పోయి అన్నం వండుకుంటుంటే గానీ అర్థం కాలేదు. ఇప్పుడు కోరుట్ల బస్టాండులో నిలబడితే చాలు, "గయ్యాళత్తా, ఒక సెల్ఫీ" అని ఎవరో ఒకరు వస్తారు.

మొండయ్య కాకకు మాత్రం చానల్లో ఒకటే పని. చావడం. గుండె ఆగి చస్తాడు, తాటిచెట్టు మీది నుంచి పడి చస్తాడు, దుబాయి నుంచి కొడుకు ఇంట్లో అడుగు పెట్టే ముందే చస్తాడు. పిల్లలు ఆయనకు చావుల తాత అని పేరు పెట్టారు. దారిలో కనిపిస్తే "తాతా, ఇయ్యాల సావలేదా?" అని అరుస్తారు. "రేపున్నది బిడ్డా, ఇయ్యాల సెలవు" అని ఆయన చెయ్యి ఊపుకుంటూ పోతాడు. మాట్లాడే వేషం ఇస్తానని రాజ్‌కుమార్ ఎన్నోసార్లు అడిగాడు. కాక ఒప్పుకోలేదు. నోరు తెరవాల్సిన వేషం తనకు వద్దన్నాడు.

ఆ మాట అన్నది ఎవరనుకున్నారు? ఒకప్పుడు నోరు తెరిస్తే ఊళ్లకు ఊళ్లు ఏడ్చిన మనిషి.

ఆయన పుట్టింది కొడిమ్యాల దగ్గర ఒక పల్లెలో. మీసం మొలవకముందే సిరిసిల్లకు సాంచెల పనికి వచ్చాడు. సాంచెలంటే మరమగ్గాలు. అవి నడుస్తుంటే పక్కమనిషితో మాట్లాడాలన్నా గొంతు చించుకోవాలి. మిగతావాళ్లు సైగలతో సరిపెట్టుకుంటే ఈయన ఆ మోత మీద పాటలు పాడేవాడు. ఒకనాడు నాటకాల మేస్త్రి ఎవరో విని చేయి పట్టుకుని తీసుకుపోయాడట. బక్కపలచని ఒళ్లు, సన్నటి నడుము, మోత మీద కూడా వినిపించే గొంతు. చీర కట్టి రాణిని చేశారు. అంతే, తల నెరిసేదాకా ఆయన రాణే. పగలు సాంచె ముందు బనియనుతో, కోతలైపోయిన కాలంలో జగిత్యాల, కథలాపూర్, ముస్తాబాద్ ఊళ్లలో చెమ్కీ చీరతో.

రాజు యుద్ధంలో పడిపోయాక రాణి శవం ముందు కూర్చుని శోకం ఎత్తుకునే ఘట్టం ఒకటి ఉండేది. జనం దాని కోసమే వచ్చేవాళ్లు. మా దిక్కు ఎవరైనా పోతే ఆడవాళ్లు ఊరికే ఏడ్వరు. పోయినవాళ్ల మంచీ చెడూ చెప్పుకుంటూ రాగం తీసి ఏడుస్తారు. మగవాళ్లు అట్లా ఏడ్వరు. మొండయ్య కాక ఆ రాగాలు నేర్చుకోవడానికి చావు ఇళ్ల ముందు మూలకు నిలబడేవాడట. "ముక్కు మొఖం తెల్వనోళ్ల సావులకు సుత పోయిన. ఏడ్పులు ఏరుకొచ్చుకున్న. పాపమో పుణ్యమో నాకెరుక లేదు" అనేవాడు. మా అత్త ఆ శోకం విన్నది. చంకలో పిల్ల పాలకు ఏడుస్తున్నా తనకు వినబడలేదని ఇప్పటికీ చెబుతుంది.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. నాటకంలో పద్యం గానీ పాట గానీ జనానికి నచ్చితే "వన్స్ మోర్" అని కేకేస్తారు. అప్పుడు కథ ఆగిపోవాలి. పాడినవాడు మళ్లీ మొదటి నుంచి ఎత్తుకోవాలి. చచ్చిన రాజు చెమటకు దురదపెట్టి వీపు గోక్కుంటున్నా సరే, రాణి మళ్లీ ఏడ్వాలి. ఏడ్వకపోతే జనాన్ని చిన్నచూపు చూసినట్టు. కాకకు ఆ కేక పడని ఊరు లేదు.

ఆయన భార్య పేరు సమ్మక్క. పెళ్లైన కొత్తలో మొగుడు చీర కట్టుకుంటున్నాడని తెలిసి పుట్టింటికి పోయి కూర్చుంది. తర్వాత ఏమనుకుందో ఏమో, వచ్చి కుచ్చిళ్లు తనే పోయడం మొదలుపెట్టింది. తన పెట్టెలో ఉన్న మంచి చీర ఆయనకే. నాటకం చూసి ఇంటికొచ్చాక మెచ్చుకోవడం మాత్రం ఆమె వంటికి పడేది కాదు. "కడమాట కాడ గొంతు తెగింది. మల్ల అను" అనేది. ఆయన పొయ్యి పక్కన కూర్చుని ఆ ముక్క మళ్లీ పాడాలి. "గిప్పుడు మంచిగున్నది" అన్నాకే చాయ్ చేతికొచ్చేది. వాళ్లకు ఒక్కతే బిడ్డ, లత. ముస్తాబాద్‌లో ఇచ్చారు. అల్లుడు ప్రకాశ్ గల్ఫ్‌లో ఉంటాడు.

టీవీలు వచ్చాక నాటకాలు పోయాయి. సినిమావాళ్లు పట్నం నుంచి ఈ పక్క ఊళ్లకు వచ్చినప్పుడల్లా కాక పోయి నిలబడ్డాడు. గుంపులో ఒకడు, గుడి ముందు ఒకడు, పంచాయితీలో తల ఊపేవాడు. ఒక సినిమాలో మాత్రం పెద్ద మాటే ఇచ్చారు. జగిత్యాలలో ఆ సినిమా ఆడితే మొగుడూ పెళ్లాలు ఇద్దరూ పోయారు. తెర మీద ఈయన నోరు కదిలింది, గొంతు వేరెవరిదో. సమ్మక్క హాల్లోనే లేచి నిలబడి "గది మా ఆయన గొంతు కాదు" అని అందరికీ వినబడేటట్టు చెప్పిందట. కాక నవ్వడం నేను చూసింది ఆ సంగతి చెప్పేటప్పుడు ఒక్కసారే.

ఆమె పోయి ఆరేళ్లయింది. ఆ నాటి సంగతి ఆయన నాకు ఒక షూటింగు మధ్యలో చెప్పాడు. అన్నాలు తింటున్నాం. ఆయన శవం వేషంలోనే ఉన్నాడు, ముక్కులో దూది తీసి జేబులో పెట్టుకున్నాడు. నీ బిడ్డ రాదేంటి కాకా, ఎప్పుడూ చూడలేదు అని నేనే అడిగాను. నోరు ఊరుకోదు కదా.

"వాకిట్ల పండవెట్టిన్రు బిడ్డా. ఆడోళ్లందరు ఏడుస్తున్రు. నాకు మొగోని లెక్క ఏడ్సుడు రాదు. నాకు తెల్సిన ఏడ్పు గదొక్కటే, గా శోకమే. గదే అచ్చింది నోట్లకు. రాజు పేరున్న కాడ సమ్మక్క పేరు వెట్టిన. ఆడోళ్లు ఏడ్సుడు బంజేసి నన్నే ఇనవట్టిరి. కడమాట కాడ గొంతు తెగింది."

అన్నం కలుపుతూ కలుపుతూ ఆగాడు.

"ఎనకకెల్లి ఎవడో, తాగున్నడో ఏమో, వన్స్ మోర్ అన్నడు."

"థూ, వాని నోట్ల మన్నువడ" అన్నాను.

"వాన్ని ఏమంటవు బిడ్డా. వానికి అలవాటే, నాకు అలవాటే. నేను మల్ల మొదటికెల్లి ఎత్తుకున్న."

 ఎందుకు కాకా అన్నాను.

"ఎందుకో నాకే ఎరుక లేదు. గామాట ఇనంగనే నోరు దానంతట అదే తెర్సుకున్నది. గొంతు తెగింది గదా, గది సక్కగ అనకపోతె ఆమె ఊకోదనిపిచ్చింది. ఇగ రెండోసారి మంచిగచ్చింది." తల దించుకున్నాడు. "గదే నా కర్మ. మంచిగచ్చింది."

లత తన తల్లి తల దగ్గర కూర్చుని ఉంది. లేచి, అందరి ముందూ, "బాపూ, ఇది నాటకం కాదు" అంది. చుట్టాల్లో ఒక ముసలమ్మ పక్కామె చెవిలో అన్నట్టుగా, కానీ అందరికీ వినపడేటట్టు, "నవ్వే ఆడిదాన్ని, ఏడ్సే మొగోన్ని నమ్మద్దంటరు" అంది. ఆ సామెత కనిపెట్టిన మనిషి నాకు దొరకాలి గానీ, గయ్యాళత్త అంటే ఏంటో చూపించేదాన్ని.

దినాలు అయ్యాక లత ముస్తాబాద్ పోయింది, మళ్లీ తండ్రి గడప తొక్కలేదు. కాక ఒకసారి తనే పోయాడు. నీళ్లిచ్చింది, అన్నం పెట్టింది, చెయ్యి కడుక్కున్నాక అడిగింది. "మా అవ్వ సచ్చిన నాడు సుత నువ్వు ఏషమే కట్టినవ్ బాపు. నీకు నిజమైన ఏడ్పు ఎన్నడన్న అచ్చిందా?" ఆయన లేచి వచ్చి బస్సెక్కాడు. అప్పటి నుంచి పాట మానేశాడు. శవం వేషాలు ఒప్పుకున్నది అందుకే, వాటికి నోరుతో పని లేదు.

"నాకింకేం అద్దు బిడ్డా" అన్నాడు ఆ రోజు. "లత ఒక్కపారి అచ్చి, బాపూ నువ్వు ఏడ్సింది అవ్వ కోసమే అంటె సాలు."

సిరిసిల్లలో ఆయన ఉండేది ఒక్క గది. నేను రెండు మూడుసార్లు పోయాను. ఆడమనిషి లేని ఇల్లు, అయినా నేల మీద ఒక్క నలుసు కనబడదు. పొద్దున వండిన అన్నమే రెండు పూటలా. టీవీ చూడడు గానీ ఆపడు. "గీ వాడల సాంచెలన్ని బందైనయి. సప్పుడు లేకుంటె నాకు ఊపిరాడది" అన్నాడు. ఎవరైనా వస్తే మంచినీళ్లు ఇచ్చి, చాయ్ పెట్టి, ఇంకో చాయ్ పెట్టి, లేస్తుంటే మళ్లీ చాయ్ పెడతానంటాడు. పోనివ్వడానికి ఆయనకు మనసు రాదు. నాకూ అక్కడి నుంచి లేవాలంటే పాపం చేసినట్టుండేది.

ఈ ఎండాకాలం రాజ్‌కుమార్ కొత్త కథ పట్టుకొచ్చాడు. ముసలమ్మ చచ్చిపోతుంది, ముసలాయన ఏడుస్తాడు. ముసలమ్మను నేను. కాక పాత శోకం సంగతి ఎక్కడో విన్నాడట, "తాతా, గదే పెడుదాం" అన్నాడు. నేను లేచి రాజ్‌కుమార్‌ను కడిగేశాను. సిగ్గులేదా, ఆయన ఎన్నేళ్ల నుంచి నోరు తెరవడం లేదో తెలుసా అని. నా తిట్లు పూర్తి కాకముందే కాక "చేస్త" అన్నాడు.

పక్కకు లాక్కుపోయాను.

"ఏమైంది నీకు?"

"లత ఫోన్ల మన వీడియోలు సూస్తదట. వాళ్ల ఆడిబిడ్డ చెప్పింది. ఈపారి నడుమల ఎవలు వన్స్ మోర్ అని ఒర్రరు. మంచిగ ఏడుస్త. సూస్తె దానికే సమజైతది."

"ఏడ్సింది యాక్టింగు కాదని చెప్పనీకి మల్ల యాక్టింగు చేస్తవా కాకా? గిదేం తెలివి?"

"నాకు గదొక్కటే వచ్చు బిడ్డా" అన్నాడు. 

కథలాపూర్‌లో ఒక పాత ఇంట్లో షూటింగు. నన్ను చాప మీద పడుకోబెట్టి, పసుపు రాసి, దండ వేశారు. నేను నోరు మూసుకుని పడుకుంటే చూడాలని మా ఆయన పనిగట్టుకుని వచ్చాడు. "పెండ్లయినకెల్లి గీ భాగ్యం దొరకలే" అని అందరినీ నవ్వించాడు. ఇంటికి రానీ నీ సంగతి చెబుతా అనుకుని కళ్లు మూసుకున్నాను.

కాక వచ్చి పక్కన కూర్చున్నాడు. గొంతు సవరించుకున్నాడు. రాజ్‌కుమార్ యాక్షన్ అన్నాడు.

"ఓ నా సిలుకా... పొద్దు వొడిసె లేవవేమే, వాకిలి ఊడ్వవేమే... పొయ్యి మీద ఎసరు మరిగె, బియ్యమెవలు పోసేరే..."

ఆ గొంతు డెబ్బై దాటిన మనిషిది కాదు. అది ఆడదాని గొంతూ కాదు, మగవాడి గొంతూ కాదు. ఒక్కో మాటను పైకి తీసుకుపోయి అక్కడ నిలబెట్టి, మెల్లగా దింపుతున్నాడు. చుట్టూ ముక్కులు ఎగబీల్చే చప్పుడు. మా ఆయన ఏడుస్తున్నాడని దగ్గుతో పట్టేశాను. చచ్చినదాన్ని, నా కంట్లోంచి కూడా నీళ్లు కారి చెవిలోకి పోయాయి. కడమాట దగ్గర గొంతు తెగలేదు. కట్ అనగానే అందరూ చప్పట్లు కొట్టారు. ఎంత బాగా వచ్చిందంటే, నాకు లత గుర్తొచ్చి భయం వేసింది.

"తాతా, ఇంకొక్కటి" అన్నాడు రాజ్‌కుమార్. "క్లోజప్‌ల. సేమ్ టు సేమ్."

నాకది వన్స్ మోర్ అన్నట్టే వినిపించింది. మళ్లీ యాక్షన్ అన్నారు. కళ్లు మూసుకుని ఎదురు చూశాను. కాక ఎత్తుకోలేదు. ఎంతసేపైనా ఎత్తుకోలేదు. తర్వాత బకెట్లో నీళ్ల చప్పుడు వినిపించింది. నా అరికాళ్ల మీద చల్లగా ఏదో పడింది. భుజం మీది తువ్వాల తడిపి నా కాళ్లకు చుడుతున్నాడు.

"మండుతున్నయానే సమ్మక్కా?" అన్నాడు. నాకు తప్ప ఎవరికీ వినబడనంత మెల్లగా, ఇంట్లో మాట్లాడుకునే గొంతుతో. "జరసేపైతె సల్లవడ్తయి. పండుకో."

అంతే. ఇంక మాట లేదు. నా పాదాల మీద నుదురు ఆనించాడు. తడిబట్ట చల్లగా ఉంది, కన్నీళ్లు వేడిగా ఉన్నాయి. ఆ తేడా నా కాళ్లకు తెలిసింది. కెమెరాకు మాత్రం ఆయన నెత్తి వెంట్రుకలు తప్ప ఏమీ కనబడలేదట.

"కట్. ఏం తాతా, డైలాగు మర్సినవా? మొఖం సుత కనవడలే" అన్నాడు రాజ్‌కుమార్. "ఏం కాదు తియ్యి, మొదటిదే పెడుదాం."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కాక నా పక్కన కూర్చున్నాడు. సమ్మక్కకు చక్కెర జబ్బు. పొద్దుగూకితే అరికాళ్లు మంటలు పుట్టేవట. కడదాకా తువ్వాల తడిపి కాళ్లకు వేసింది ఈయనే.

"గప్పుడు సుత గిట్ల జేస్తె అయిపోతుండె బిడ్డా" అన్నాడు. "నోరు మూసుకోని కాళ్ల కాడ కూసుంటె అయిపోతుండె. నాకు గిప్పుడు ఎరుకైంది." కొంచెం దూరం పోయాక, "లతకు గా రెండోది సూపియ్యమను రాజ్‌కుమార్‌ను" అన్నాడు. తప్పకుండా చూపిస్తానని మాటిచ్చాను.

వీడియో వచ్చింది. మొదటి ఏడుపుతో. లక్షల మంది చూశారు. దుబాయి నుంచి, మస్కట్ నుంచి ఫోన్లు. ఇంత పెద్ద కళాకారుణ్ణి శవాల వేషాలకు వాడుకుంటారా అని రాజ్‌కుమార్‌ను తిట్టినవాళ్లూ ఉన్నారు. కాక మాత్రం ప్రతి ఫోనుకూ ఉలిక్కిపడి, నంబరు చూసి, లత కాదని తెలిశాక ఎత్తేవాడు. లత చెయ్యలేదు.

రెండోది ఇయ్యమని రాజ్‌కుమార్‌ను అడిగాను.

"గదెక్కడున్నదక్కా? మెమొరీ నిండిందని పనికిరాని క్లిప్పులన్ని తీసేసిన."

నేను అరిచిన అరుపుకు పక్క షాపువాళ్లు బయటికి వచ్చారు. పోయింది పోయిందే. కాకకు ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. నా కళ్లతో కాకపోయినా నా కాళ్లతో చూసినదాన్ని, నేనే ముస్తాబాద్ పోయి చెబుతానని రాజ్‌కుమార్ మొహం మీదే అన్నాను. సిరిసిల్ల బస్సెక్కి, అక్కడి నుంచి ముస్తాబాద్ ఆటో పట్టుకున్నాను.

లత వాకిట్లో చాటలో బియ్యం ఏరుతోంది. నన్ను చూడగానే మొహం విప్పారింది. "ఓ, గయ్యాళత్త! మా ఇంటికచ్చినవా అక్కా!" అని కుర్చీ వేసి చాయ్ పెట్టింది. పక్కిళ్ల వాళ్లను పిలవబోతే ఆపి, మొండయ్య కాక సంగతి మాట్లాడాలి అన్నాను. ఆమె మళ్లీ చాట ఒళ్లోకి తీసుకుంది.

"సూసిన అక్కా. గదే శోకం. మా అవ్వ మీద పాడిందే. పేరొక్కటే మారింది." రాయి ఏరి పారేసింది. "బాగ చేసిండు. మా అవ్వకాడి కన్న మంచిగ చేసిండు."

అప్పుడు రెండోది చెప్పాను. తువ్వాల చెప్పాను, అన్న మాట చెప్పాను, వేడి కన్నీళ్లు చెప్పాను. బియ్యంలో వేళ్లు ఆగిపోయాయి.

"తడిబట్టనా?" అంది. "కాళ్లకా?" గొంతు మారింది. "గా వీడియో ఉన్నదా అక్కా? ఒక్కపారి సూపియ్యరాదు."

చెయ్యి చాచింది. ఆ చెయ్యి నా ఫోన్ కోసం అట్లా గాల్లో ఉండగానే, అది లేదు, తీసేశారు అని చెప్పాల్సి వచ్చింది. చెయ్యి మెల్లగా ఒళ్లోకి పోయింది. 

"మా బాపు తోలిండా నిన్ను?"

"లేదమ్మా. నేనచ్చినట్టు ఆయనకు తెల్వనే తెల్వది. నా పిల్లల మీద ఒట్టు."

అనేసరికి నాకు దుఃఖం ఆగలేదు. ముసలాయన ఒక్కగది, ఆగని టీవీ, చాయ్ మీద చాయ్, అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. వెక్కి వెక్కి ఏడ్చాను. లత నా కన్నీళ్ల వంకే చూస్తోంది. కొంచెం మెత్తబడిన మొహం మెల్లగా మళ్లీ మూసుకుపోవడం నా కళ్లముందే జరిగింది.

"ఏమనుకోకక్కా" అంది. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు, నిజంగానే తెలియక అడిగినట్టు అంది. "వీడియోలల్ల సుత నువ్వు గిట్లనే ఏడుస్తవు గదా. నువ్వు సుత యాక్టరువే."

గయ్యాళత్తను. నోటికి జడిసి మా వాడలో కుక్కలు కూడా పక్కకు తప్పుకుంటాయి. ఆ నోటితో పోయొస్తనమ్మా అని చెప్పి లేచాను. లత దారిలో తినమని సర్వపిండి ముక్కలు కవర్లో కట్టి ఇచ్చింది, ఆటోదాకా వచ్చింది. మంచి పిల్ల. తప్పు పట్టడానికి కూడా ఏమీ లేదు.

సిరిసిల్లలో కోరుట్ల బస్సెక్కాను. ఆడవాళ్లకు ఫ్రీ అయినప్పటి నుంచి సీటు దొరకడం గగనం, ఎవరో జరిగి చోటిచ్చారు. బస్సు కదిలిందో లేదో ఫోన్ మోగింది. కాక.

"ముస్తాబాద్ పోయినవట గదా, రాజ్‌కుమార్ చెప్పిండు" అన్నాడు. గొంతులో అంత ఆత్రం నేనెప్పుడూ వినలేదు. "సూపిచ్చినవా? ఏమన్నది బిడ్డా? అస్తనన్నదా?"

"సిగ్నల్ లేదు కాకా, ఇనవడ్తలేదు" అని పెట్టేశాను. మళ్లీ మోగింది. ఎత్తలేదు. కొంగు నోట్లో కుక్కుకున్నా ఏడుపు ఆగలేదు, పైకే వచ్చేసింది. పక్కన కూర్చున్నామె నా మొహంలోకి వంగి చూసి గట్టిగా నవ్వింది.

"అక్కా, నువ్వు గయ్యాళత్తవు గదా? షూటింగా? కెమెరా ఏడవెట్టిన్రు?"

బస్సంతా ఇటు తిరిగింది. ముందు సీటు పిల్ల ఫోన్ తీసి నా మీద పెట్టింది. అందరూ నవ్వుతూ కెమెరా కోసం కిటికీల్లోంచి బయటికి చూస్తున్నారు.

"కాదమ్మా" అన్నాను. "నిజంగనే ఏడుస్తున్న."

నవ్వులు ఇంకా పెద్దవయ్యాయి. "ఎంత మంచిగ ఏడుస్తందో సూడున్రి" అంది వెనక సీటులో ఎవరో.